పట్టు తప్పిన నూనె: పాత ఆటోమేటిక్ కారు ఎందుకు వణుకుతుంది?

బాగేపల్లి టోల్ దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. మా బావ కారు 65లో నింపాదిగా పోతోంది. ఉన్నట్టుండి కింద నుంచి దడదడమని ఒక వణుకు. స్పీడు తగ్గించమని రోడ్డు మీద వేసే తెల్లటి గట్టు చారల మీదుగా వెళ్తే ఎలా ఉంటుందో సరిగ్గా అలా, రెండు మూడు సెకన్లు. ఆగింది. మళ్లీ మొదలైంది. వెనక సీట్లో కునుకు తీస్తున్న అక్క ఉలిక్కిపడి లేచి "పంక్చరా?" అంది. బావ ఆక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కాడు, వణుకు పోయింది. కాలు తేలిక చేశాడు, మళ్లీ దడదడ.

"రోడ్డు బాగలేదప్పా" అన్నాడు బావ. రోడ్డు బ్రహ్మాండంగా ఉంది.

అది 2011 మోడల్ సెడాన్. అయిదు గేర్ల ఆటోమేటిక్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, మీటరు 1,12,000 చూపిస్తోంది. అనంతపురం నుంచి బెంగళూరు తిరిగొచ్చాక ఒక గ్యారేజీలో చూపిస్తే, ఒక రౌండు తిప్పి "గేర్‌బాక్స్ పోయింది సార్, లక్షా ఇరవై అవుతుంది" అన్నారు. ఇంకోచోట "గేర్ ఆయిల్ మారిస్తే సరిపోతుంది" అన్నారు. మూడోచోట "లక్ష దాటిన బండికి ఇప్పుడు ఆయిల్ మారిస్తే ఉన్న గేర్‌బాక్స్ కూడా పోతుంది, ముట్టుకోకండి" అన్నారు. ఒకే ఊళ్లో, ఒకే వారంలో, ఒకే బండికి మూడు తీర్పులు. తమాషా ఏంటంటే మూడింట్లోనూ ఎంతో కొంత నిజముంది. ఏది ఎప్పుడు నిజమవుతుందో తెలియాలంటే అసలు ఆ నూనె అక్కడ ఏం పని చేస్తుందో చూడాలి.

నూనె అనగానే మనకు తట్టేది జారుడు. ఇంజిన్ ఆయిల్ వరకు ఆ లెక్క సరిపోతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఏటీఎఫ్‌కు మాత్రం రెండు విరుద్ధమైన ఉద్యోగాలున్నాయి. బేరింగులను, గేర్ల పళ్లను జారనివ్వాలి. క్లచ్ పలకలు మాత్రం ఆ నూనెలోనే మునిగి ఉండి, ఆ నూనెలోనే ఒకదాన్నొకటి పట్టుకోవాలి. అంటే ఏటీఎఫ్ కూడా క్లచ్‌లో ఒక భాగమే. ద్రవరూపంలో ఉన్న విడిభాగం అనుకోండి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే తర్వాతదంతా సులువు.

ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. ఒక కుండలో మజ్జిగ పోసి, ఒక కవ్వాన్ని ఒకే వైపు గట్టిగా తిప్పుతున్నాం అనుకోండి. అదే కుండలో ఊరికే వేలాడదీసిన రెండో కవ్వం కూడా కాసేపటికి తిరగడం మొదలెడుతుంది. రెండూ ఒకదానికొకటి తగలవు, మధ్యలో మజ్జిగే తిప్పుతుంది. టార్క్ కన్వర్టర్‌లో మొదటి కవ్వం ఇంజిన్‌ది, రెండోది గేర్‌బాక్స్‌ది, మజ్జిగ స్థానంలో ఏటీఎఫ్. మధ్యలో స్టేటర్ అని ఇంకో చక్రం ఉండి, తిరిగొచ్చే నూనెను సరైన కోణంలోకి మళ్లించి, బండి కదిలేటప్పుడు ఇంజిన్ బలాన్ని పెంచి ఇస్తుంది. దీన్ని జర్మనీ ఇంజినీరు హెర్మన్ ఫొట్టింగర్ కనిపెట్టి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. అప్పుడు అది కార్ల కోసం కాదు, ఓడల కోసం.

ఈ ఏర్పాటులో ఒక చిక్కుంది. రెండో కవ్వం మొదటిదాని వేగాన్ని ఎప్పటికీ పూర్తిగా అందుకోదు. ఆ తేడా అంతా వేడిగా మారి, పెట్రోలుగా ఖర్చవుతుంది. అందుకే లోపల లాకప్ క్లచ్ అని ఒకటి పెట్టారు. బండి నిలకడగా, తేలిక కాలుతో పోతున్నప్పుడు, సాధారణంగా 50 నుంచి 80 మధ్య, ఆ పలక వెళ్లి డబ్బా గోడకు అతుక్కుంటుంది. అప్పుడు ఇంజిన్, గేర్‌బాక్స్ నేరుగా కలిసిపోతాయి, మజ్జిగతో పని ఉండదు. చాలా కార్లలో కంప్యూటర్ దాన్ని పూర్తిగా బిగించదు కూడా. ఇంజిన్ అదురు లోపలికి తెలియకుండా కొద్దికొద్దిగా జారనిస్తుంది. అంటే ఆ పలక పట్టుకుంటూనే జారాలి, జారుతూనే పట్టుకోవాలి. గంటల తరబడి, మరుగు నీళ్లంత వేడికి దగ్గర్లో ఉన్న నూనెలో.

ఇప్పుడు బాగా కడిగిన స్టీలు కంచం మీద తడి వేలు నొక్కి రుద్ది చూడండి. కిర్రుకిర్రుమంటుంది. వేలు అంటుకుంటుంది, తెగుతుంది, మళ్లీ అంటుకుంటుంది. మన కంటికి ఒకే కదలికలా కనిపించేది నిజానికి వందల చిన్న చిన్న ఆగుడులు. వేలికి కాస్త నూనె రాస్తే చప్పుడు లేకుండా పోతుంది. లాకప్ క్లచ్‌లో వచ్చే వణుకు కూడా ఇదే. ఏటీఎఫ్‌లో ఫ్రిక్షన్ మాడిఫైయర్లు అనే రసాయనాలు కలుపుతారు. పలకల మధ్య జారుడు మెల్లగా ఉన్నప్పుడు పట్టు తక్కువగా ఉంచడం, జారుడు పెరిగే కొద్దీ పట్టును కాస్త పెంచడం వాటి పని. అలా ఉన్నంతకాలం పలక మెత్తగా వచ్చి కూర్చుంటుంది. వేడికి, వయసుకు అవి అరిగిపోతే లెక్క తలకిందులవుతుంది. మెల్లగా జారేటప్పుడే పట్టు ఎక్కువైపోయి పలక అంటుకుంటుంది, తెగుతుంది, అంటుకుంటుంది. అదే కారంతా పాకి మనకు దడదడగా తెలుస్తుంది. బావ ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే వణుకు ఆగడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఎక్కువ బలం అడిగితే కంప్యూటర్ లాకప్‌ను వదిలేస్తుంది. పలక విడిపోయాక వణకడానికి అక్కడేమీ ఉండదు.

ఒకప్పుడు ఈ మాడిఫైయర్ పనిని తిమింగలం నూనె చేసేదని చదివినప్పుడు నేను నమ్మలేదు. నిజమే. అమెరికాలో ఆటోమేటిక్ కార్ల నూనెలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అక్కడ దాని మీద నిషేధం వచ్చాక కంపెనీలు హడావుడిగా రసాయన ప్రత్యామ్నాయాలు వెతుక్కోవాల్సి వచ్చింది. జనరల్ మోటార్స్ సంగతి ఇంకా ఈమధ్యది. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌లు వణుకుతున్నాయని ఫిర్యాదులు వస్తే, పాత నూనె మొత్తం కడిగేసి వేరే ఫార్ములా నూనె పోయమని డీలర్లకు చెప్పింది. కాబట్టి "ఆయిల్ మారిస్తే వణుకు పోతుంది" అన్నది గ్యారేజీ పిట్టకథ కాదు. ఆ వణుకు నూనె వల్ల వచ్చిందే అయితే, పోతుంది.

నూనె ఎందుకు చచ్చిపోతుంది?

వేడికి. నూనె ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. వేడికి మన బెంగళూరు ట్రాఫిక్‌ను మించిన పొయ్యి లేదు. టామ్‌టామ్ సంస్థ లెక్క ప్రకారం 2022లో ఈ నగరం నడిబొడ్డున 10 కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 29 నిమిషాల 10 సెకన్లు పట్టింది. అంటే గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. ఆ వేగంలో లాకప్ క్లచ్ పడేదే తక్కువ. సిల్క్ బోర్డు దగ్గరో, టిన్ ఫ్యాక్టరీ దగ్గరో అంగుళం అంగుళం పాకుతున్నంతసేపూ రెండు కవ్వాలూ వేర్వేరు వేగాల్లో మజ్జిగను చిలుకుతూనే ఉంటాయి. ఎదురుగాలి కూడా ఉండదు చల్లబడటానికి.

మా బావ బండి మీటరు 1,12,000 అంటోంది. అదంతా 70 వేగంతో హైవే మీద తిరిగి ఉంటే ఇంజిన్ నడిచింది 1,600 గంటలు. 20 వేగంతో ఊళ్లోనే తిరిగి ఉంటే 5,600 గంటలు. మీటరు మాత్రం రెండు బండ్లకూ ఒకే అంకె చూపిస్తుంది. అందుకే ఊళ్లో తిరిగే ఆటోమేటిక్‌కు మాన్యువల్‌లో "కఠిన పరిస్థితులు" అని విడిగా ఇచ్చే తక్కువ కిలోమీటర్ల గడువే వర్తిస్తుందని నా అభిప్రాయం. మనం మామూలుగా ఆ పేజీ తిప్పేస్తాం, ఎడారుల్లో తిరిగేవాళ్ల గురించేమో అనుకుని.

ఇంకో విచిత్రం. ఊళ్లో లాకప్ పడేదే తక్కువ కాబట్టి జబ్బు ఊళ్లో బయటపడదు. రోజూ కుందలహళ్లి నుంచి ఆఫీసుకు తిరిగినన్నాళ్లూ బండి బుద్ధిగా ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్దామని దేవనహళ్లి దాటి కాలు తేలిక చేశాక, పిల్లలు, సామాను, అప్పచ్చుల డబ్బాలతో సహా వణకడం మొదలెడుతుంది.

"లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అని కొన్ని కంపెనీలు చెబుతాయి కదా అనొచ్చు. ఎవరి లైఫ్‌టైమ్ అన్నది అడగాలి. పెద్ద పెద్ద కంపెనీలకు గేర్‌బాక్సులు తయారుచేసి ఇచ్చే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు నూనె మార్చమంటుంది. చేసినవాడి మాట నాకు ఎక్కువ నమ్మకం.

ముందు ఆ వణుకు ఎవరిదో తేల్చుకోవాలి

చివరికి మేం విల్సన్ గార్డెన్‌లో ఒక చిన్న షెడ్డుకు వెళ్లాం. ఆ మెకానిక్ అన్న సొంతూరు హిందూపురం. బావ అప్పటికే నెట్‌లో చదివేసి "ఏటీఎఫ్ మార్చాలి, అన్నా" అన్నాడు. ఆయన నవ్వి, "ఆయిల్ సంగతి తర్వాత సార్. ముందు మీది ఏ ఆటోమేటిక్కో చెప్పండి" అన్నాడు.

ఆ ప్రశ్న మన దేశంలో చాలా అవసరం. మనం ఆటోమేటిక్ అని ఒకే పేరుతో పిలిచేవి కనీసం నాలుగు రకాలు. 2014లో సెలెరియోతో మొదలై చాలా చవక కార్లకు పాకిన ఏఎంటీలో ఉండేది మామూలు గేర్‌బాక్స్, పొడి క్లచ్. క్లచ్ తొక్కే పనిని ఒక యంత్రం చేస్తుంది, అంతే. అది కదిలేటప్పుడు వణుకుతుంటే క్లచ్ ప్లేటు చూడాలి, దానికి ఏటీఎఫ్‌తో సంబంధం లేదు. రెండు క్లచ్‌లుండే డీసీటీల్లోనూ కొన్నిట్లో క్లచ్‌లు పొడివే, అక్కడా ఇదే మాట. గేర్ల బదులు పుల్లీలు, బెల్టుతో నడిచే సీవీటీకి దాని సొంత నూనె ఉంటుంది. లోపల పుల్లీల మీద స్టీలు బెల్టు జారకుండా పట్టుకునేది ఆ నూనె వల్లే. అందులో మామూలు ఏటీఎఫ్ పోస్తే బాగుచేయడానికి బదులు చంపినట్టు. ఈ వ్యాసంలో చెబుతున్న వైద్యం నాలుగో రకానికి, టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు సిసలు ఆటోమేటిక్‌కు.

మా బండి ఆ రకమేనని తేలాక, మెకానిక్ అన్న మమ్మల్ని ఖాళీ రోడ్డు మీద ఒక చిన్న పరీక్ష చేయమన్నాడు. 60, 70లో వణుకు మొదలవగానే, ఆక్సిలరేటర్ మీద కాలు అలాగే ఉంచి, ఎడమ కాలితో బ్రేకును ఊరికే తాకాలి. బ్రేకు లైటు వెలిగేంత, బండి ఆగేంత కాదు. చాలా కార్లలో బ్రేకు లైటు వెలగగానే కంప్యూటర్ లాకప్‌ను వదిలేస్తుంది. ఆ క్షణంలోనే వణుకు మాయమైతే అనుమానం లాకప్ మీదికి వెళ్తుంది. వెనక బండ్లు లేనప్పుడే చేయాలి సుమా, ఎడమ కాలికి అలవాటు లేక ఫట్‌మని తొక్కేస్తాం. బావ మొదటిసారి అదే చేశాడు, నా ఫోన్ వెళ్లి డ్యాష్‌బోర్డు కింద పడింది. రెండోసారి నెమ్మదిగా తాకాడు. వణుకు కత్తిరించినట్టు ఆగింది.

అంతటితో కూడా తేలిపోదు. స్పార్క్ ప్లగ్గో, కాయిలో బలహీనపడి ఇంజిన్ మిస్ అవుతుంటే కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. లాకప్ పడినప్పుడు ఇంజిన్ నేరుగా చక్రాలకు కలిసి ఉంటుంది కాబట్టి దాని అదురు మనదాకా వస్తుంది, లాకప్ వదిలేస్తే మజ్జిగ దాన్ని మింగేస్తుంది. అంటే బ్రేకు పరీక్షలో రెండూ ఒకేలా పాసవుతాయి. అందుకే కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివే స్కానర్ పెట్టి చూడాలి. పీ0300తో మొదలయ్యే మిస్‌ఫైర్ కోడ్లు ఉంటే ముందు ప్లగ్గులు, కాయిళ్లు. పీ0741 ఉంటే లాకప్ క్లచ్ వైపు. మాకు ఏ కోడూ రాలేదు, అయినా ప్లగ్గులు మార్పించాడు. "వాటికీ వయసైంది సార్, ఎలాగూ మార్చాల్సిందే" అన్నాడు. వణుకు అలాగే ఉంది.

గట్టిగా తొక్కినప్పుడు ఎక్కువయ్యే వణుకు డ్రైవ్ షాఫ్ట్ జాయింటుది కావచ్చు. కాలు పూర్తిగా తీసేసినా ఒక వేగం దగ్గర స్టీరింగ్ అదురుతుంటే టైర్ బ్యాలెన్సింగ్. సిగ్నల్ దగ్గర గేరు డీలో పెట్టి బ్రేకు మీద నిలబడితే అదిరేది ఇంజిన్ మౌంట్లు. వీటికి గేర్ ఆయిల్ మార్చడమంటే పంటి నొప్పికి కళ్లద్దాలు కొన్నట్టే.

తర్వాత నూనెను చూశాడు. డిప్‌స్టిక్ తీసి తెల్లటి టిష్యూ మీద ఒక చుక్క వేశాడు. కొత్త ఏటీఎఫ్ మామూలుగా ఎర్రగా ఉంటుంది, కారితే ఇంజిన్ ఆయిల్ కాదని గుర్తుపట్టడానికి వేసే రంగు అది. మాది ముదురు కాఫీ డికాక్షన్‌లా ఉంది. రంగు మారినంత మాత్రాన భయం లేదన్నాడు, వాసన చూడమన్నాడు. మాడిన వాసన లేదు. మాడు వాసన ఉండి, గేరు పడినా బండి కదలకుండా ఇంజిన్ అరుస్తూ ఉంటే పలకలు కాలిపోయినట్టే, నూనె మార్చినా లాభం ఉండదు.

ఇక్కడే ఆయన చెప్పిన ఇంకో మాట నాకు బాగా గుర్తుండిపోయింది. గులాబీ రంగులో, పాలు కలిపినట్టు ఉంటే అసలు స్టార్టే చేయొద్దన్నాడు. చాలా కార్లలో ఏటీఎఫ్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. అది లోపల చిల్లుపడితే కూలెంట్, ఏటీఎఫ్ కలిసిపోతాయి. ఆ కలిసిన కూలెంట్, నీళ్లు క్లచ్ పలక మీద అంటించిన పొరను వదులు చేసేస్తాయి. కూలెంట్ బదులు ఇంటి బోరు నీళ్లు పోసే అలవాటు మనవాళ్లకు ఎక్కువ. ఉప్పు నీళ్లకు రేడియేటర్ లోపల తుప్పు పట్టి, చివరికి గేర్‌బాక్స్ ప్రాణం మీదికి వస్తుంది. వంద రూపాయల మిగులుకు లక్ష రూపాయల బిల్లు.

మార్చడంలో ఉన్న మెలిక

డ్రెయిన్ ప్లగ్ విప్పితే మొత్తం నూనె రాదు. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉన్నది అక్కడే ఉండిపోతుంది. మా బండిలో మొత్తం దాదాపు 7 లీటర్లు, కిందికి వచ్చింది 3. అంటే ఒకసారి మారిస్తే కొత్త నూనె వాటా 43 శాతమే. కొన్ని రోజులు తిప్పి రెండోసారి మారిస్తే 67 శాతం. మూడోసారికి 81. "ఒకసారి మార్పించాను, ఏం లాభం లేదు" అని చెప్పేవాళ్లలో చాలామంది ఆగిపోయింది ఆ 43 దగ్గరే.

మెషీన్ పెట్టి ఒకేసారి మొత్తం తోసేసే పద్ధతీ ఉంది. కొత్త బండికి, క్రమంగా మారుస్తూ వచ్చిన బండికి అది బాగానే ఉంటుంది. ఎప్పుడు మార్చారో తెలియని పాత బండికి మాత్రం నేను మూడు విడతలకే ఓటేస్తాను. మూడో గ్యారేజీ వాళ్ల భయంలోని నిజం ఇక్కడ ఉంది. పాత నూనెలో పలకల నుంచి అరిగిన పొడి తేలుతూ ఉంటుంది. ఒత్తిడితో కడిగితే అది కదిలి, నూనెను క్లచ్‌లకు పంపే వాల్వ్ బాడీ సన్నటి దారుల్లో ఇరుక్కోవచ్చు. అలాగని ఆయిల్ మార్చడమే గేర్‌బాక్స్‌ను చంపుతుందన్న ప్రచారంలో ఒక కిటుకుంది. జనం ఆయిల్ మార్చేది బండి జారడం మొదలయ్యాకే. అప్పటికే చావు బతుకుల్లో ఉన్నది మార్చాక పోతే, పేరు నూనెకు వస్తుంది. ఆస్పత్రికి తీసుకెళ్లాకే పోయాడు కాబట్టి ఆస్పత్రే చంపిందన్నట్టు.

ఏ నూనె అన్నది మిగతా అన్నిటికంటే ముఖ్యం. మాన్యువల్‌లో రాసిన రకం, అక్షరం, అంకె పొల్లు పోకుండా. జేసీ రోడ్డులో నేను వెళ్లిన షాపులో "అన్ని బండ్లకూ వస్తుంది సార్" అని డెక్స్‌రాన్ 3 అని రాసి ఉన్న డబ్బా ఇవ్వబోయారు. డెక్స్‌రాన్ పేరు జనరల్ మోటార్స్‌ది. మూడో రకానికి లైసెన్సులు ఇవ్వడం ఆ కంపెనీ 2006 చివరికే ఆపేసింది. ఇప్పుడు డబ్బా మీద ఆ పేరు కనిపిస్తే, ఆ నూనెను ఆ కంపెనీ పరీక్షించిందని అర్థం కాదు. ఆ బండికి వేరే రకం కావాలంటే అసలు ఏ డెక్స్‌రానూ పనికిరాదు. పట్టు అనేది ఆ ఫార్ములాలో ఉంది, నూనె అన్న పేరులో లేదు. కార్ కంపెనీ డీలర్ కౌంటర్‌లో బిల్లుతో కొన్నాం, లీటరు 900.

బండిని కాసేపు తిప్పి వేడి చేసి, లిఫ్టు మీదికి ఎక్కించి నూనె దించాడు. ప్లగ్గు చివర అయస్కాంతానికి బూడిద రంగు పేస్టు అంటుకుని ఉంది. వేళ్ల మధ్య నలిపి చూపించాడు, మెత్తగా ఉంది. అది మామూలు అరుగుదల. లోహపు ముక్కలు, రేకులు ఉంటే అక్కడే ఆపేసి ఇంటికి పంపేవాడినన్నాడు. దిగిన నూనెను గీతలున్న క్యాన్‌లో కొలిచి, అంతే కొత్తది పోశాడు. కొత్త వాషర్ వేసి ప్లగ్ బిగించాడు, బ్రేకు తొక్కి గేర్లన్నీ ఒకసారి తిప్పి, మళ్లీ లెవెల్ చూశాడు. లెవెల్ తక్కువైతే పలకలు జారతాయి, ఎక్కువైతే నూనె నురగ కడుతుంది. కొన్ని కార్లకు ఇంజిన్ నడుస్తుండగా చూడాలి, కొన్నిటికి ఆపిన వెంటనే. డిప్‌స్టిక్ లేని బండ్లకు నూనె నిర్ణీత ఉష్ణోగ్రతకు వచ్చినప్పుడు పక్కనున్న ప్లగ్ విప్పి, సన్నగా కారి ఆగేదాకా చూడాలి. థర్మామీటరో, స్కానరో లేకుండా ఈ రకం బండికి చేయి పెట్టే గ్యారేజీని నేనైతే నమ్మను.

మొదటి విడత తర్వాత వంద కిలోమీటర్ల దాకా ఏ తేడా తెలియలేదు. బావ ముఖం చిన్నబోయింది. తర్వాత దడ తగ్గి జలదరింపులా మారింది. దాదాపు 300 కిలోమీటర్లకు ఒకసారి చొప్పున ఇంకో రెండు విడతలు అయ్యాక పోయింది. నూనె 8,100, కూలీ 1,800, ప్లగ్గులు విడిగా. లక్షా ఇరవై వేలు అన్నచోట పది వేలు.

రెండు విడతల తర్వాత కూడా రవ్వంత మార్పు లేకపోతే మూడోది పోయించుకోవద్దని మెకానిక్ అన్న ముందే చెప్పాడు. అప్పటికి పలక మీద పొర గట్టిపడి గాజులా మెరుస్తూ ఉంటుంది, కొత్త నూనె దాన్ని మళ్లీ గరుకు చేయలేదు. టార్క్ కన్వర్టర్ దించి, కోయించి బాగుచేయించాలి, లేదా మార్చాలి. బండి అమ్మితే ఎంత వస్తుందో అప్పుడు లెక్కేసుకోవాలి.

ఎనిమిది నెలలైంది. పోయిన నెల పెనుకొండ దాటాక, ఎండ మండిపోతుండగా, ఒక్క సెకను ఆ దడ మళ్లీ వినిపించినట్టు నాకనిపించింది. బావ వైపు చూశాను. ఆయన రోడ్డు వైపే చూస్తూ, పాట సౌండు కాస్త పెంచాడు.